బెల్టు లేనివాళ్ళలో మొదటివాడు

మా నాన్న ప్రపంచ ఛాంపియన్ కాలేదు. కారణం నేను. ఈ సంగతి ఇరవై రెండేళ్ళపాటు నాకొక్కదానికే తెలుసనుకున్నాను. కాదని ఆ వేసవిలో తెలిసింది.

మొదలుపెట్టింది పేపరువాళ్ళు. ఎండలు ముదిరితే మైదానాలు ఖాళీ అవుతాయి గానీ ఆటల పేజీ ఖాళీగా ఉండటానికి వీల్లేదు. దాన్ని నింపడానికి అక్కడెవరికో ఒక ఊహ తట్టింది. ‘బెల్టు లేని రాజులు’ అని పెద్ద శీర్షిక. ప్రపంచ టైటిల్ ఒక్కసారీ గెలవని హెవీవెయిట్ బాక్సర్లలో ఎనిమిదిమంది గొప్పవాళ్ళ జాబితా. పాఠకులు ఓట్లు పంపాలి. ప్రతి సోమవారం ఒకడు జాబితాలోంచి ఎగిరిపోతాడు. ఆఖరికి మిగిలినవాడు బెల్టు లేనివాళ్ళలో మొదటివాడు.

జాబితాలో ఎనిమిదో మనిషి మా నాన్న. అసలు పేరు కూడా వెయ్యలేదు. ‘గోడ’ అని వేశారు. బాక్సింగ్ తెలిసినవాళ్ళకు అది చాలు.

ఆ సోమవారం పొద్దున పేపరు పట్టుకుని జిమ్ము మెట్లెక్కాను. మా జిమ్ము టైర్లకు అతుకులేసే షెడ్డు మీద ఉంది. కింద రబ్బరు కాలుతుంటుంది, పైన మావాళ్ళు చెమట కక్కుతుంటారు. ఆ రెండు వాసనలూ కలిసి నా బట్టల్లోకి ఎక్కితే ఏ సబ్బుకీ పోవు. ఒక రింగు, మూడు బ్యాగులు, కిటికీ పక్కన పొడుగాటి బెంచీ, గోడకు కరెంటు గంట. గంట మోగితే మూడు నిమిషాలు ఆట. మళ్ళీ మోగితే ఒక నిమిషం విరామం. పొద్దున ఆన్ చేస్తే సాయంత్రం దాకా అదే వరస.

“పేపరు ఇలా తే అమ్మాయ్,” అన్నాడు నాన్న. అందుకుని, చేతులు చాచి దూరంగా పెట్టి చూశాడు. జేబులు తడుముకున్నాడు. “కళ్ళద్దాలు ఇంట్లోనే వదిలేసినట్టున్నా. నువ్వే చదువు.”

కళ్ళద్దాలు ఇంట్లోనూ లేవు. నాన్నకు చదువు రాదు. అంకెలు వచ్చు. సంతకాన్ని బొమ్మ గీసినట్టు గీయడం వచ్చు. తొమ్మిదేళ్ళకే బస్తాల కింద భుజం పెట్టిన మనిషి. ఆ సంగతి అమ్మకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకుండా నెట్టుకొచ్చాడు. ఆరేళ్ళ కిందట అమ్మ పోయాక ఇక నేనొక్కదాన్నే. ఇంటికొచ్చిన ప్రతి కాగితమూ నా నోటి గుండానే ఆయన చెవికి చేరేది.

చదివాను. బెంచీ మీదున్న ముగ్గురూ అప్పుడే వాదన అందుకున్నారు.

మా జిమ్ములో వాదనకూ గంటే. మూడు నిమిషాలు ఎవరి గొంతుకు ఎంత బలముంటే అంత. గంట మోగిందా, నిమిషంపాటు నీళ్ళు తాగాలి, నోరు మూసుకోవాలి. ఆ నిమిషంలో పెదవి విప్పినవాడు మరుసటి రౌండు బయట మెట్ల మీద కూర్చోవాలి. నాన్న పెట్టిన రూలు. అది లేకపోతే రింగులో కంటే బెంచీ మీదే ఎక్కువమంది గాయపడేవాళ్ళు.

“జాబితాలో రేవు కూలీని మించినవాడు లేడు,” అన్నాడు పెయింటరు. షాపుల బోర్డులు రాస్తాడు. గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రంగు. “ముగ్గురు ఛాంపియన్ల మీద మూడుసార్లు టైటిల్‌కి ఆడాడు. మూడుసార్లూ పాయింట్ల మీదే పోయింది. ఒకసారైతే ఒక్క పాయింటు!”

“మూడుసార్లు పరీక్ష రాసి మూడుసార్లూ తప్పినవాడికి ఫస్టు క్లాసు ఇస్తావా?” అన్నాడు క్రేన్ డ్రైవరు. రోజంతా అందరికంటే ఎత్తులో కూర్చునే మనిషి. కిందికి దిగినా మాట మాత్రం పైనుంచే వస్తుంది.

“నీ లెక్కలో ఎవరో చెప్పు మరి.”

“ఎడమచెయ్యి. వాడి హుక్కు తిన్నవాడు లేచి, ఇది ఏ ఊరని అడిగేవాడు.”

“వాడు కొట్టినవాళ్ళలో సగం మందికి పళ్ళు ముందే లేవు. మిగతా సగం మందికి ఇంకా రాలేదు.”

“అసలువాళ్ళు ఎక్కితే కదా కొట్టడానికి! ఎడమచేతివాడితో ఆడితే పరువు పోతుందని ఛాంపియన్లంతా వీపులు చూపించారు. నేను చెప్పేది విను. బెల్టు లేనివాళ్ళలో గొప్పవాడెవడంటే, బెల్టున్నవాడు ఎవణ్ణి చూసి రోడ్డు దాటి అవతలికి పోయాడో వాడు.”

“అలాగైతే ఇక్కడే ఉన్నాడుగా ఒకాయన!” అన్నాడు పెయింటరు.

అందరూ నాన్నవైపు తిరిగారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. భుజాలు ఇప్పటికీ తలుపు చట్రమంత. చేతులు మాత్రం కొంచెం వణుకుతాయి. ఆ వణుకు కనపడకుండా తువ్వాలు పట్టుకుంటాడు.

“నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ,” అని మొదలుపెట్టాడు. ఎప్పుడూ అలాగే మొదలుపెడతాడు. “ఛాంపియన్‌కి మనం కబురు పంపాం. నాతో ఆడరా అన్నాం. ‘మీతో ఆడటానికి మావాడు సిద్ధంగా లేడు, ఇకపై రాయవద్దు’ అని ఉత్తరం వచ్చింది. మా అమ్మాయే చదివింది. ఏమ్మా?”

“అవును నాన్నా.”

గంట మోగింది. అందరూ నీళ్ళు తాగారు. సెలూన్ బాబాయి ఒక్కడే తాగలేదు. ఆయన మా వీధి చివర సెలూన్ నడుపుతాడు, నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. నాన్న ప్రసంగం ఇక్కడికొచ్చేసరికి ఎప్పుడూ లేచి కిటికీ దగ్గర నిలబడేవాడు. గాలికోసం అనుకునేదాన్ని.

*

ఆ ఉత్తరం వచ్చేనాటికి నాకు పదహారేళ్ళు.

నాన్న వరసగా పదకొండు పోటీలు గెలిచి ఉన్నాడు. మేనేజరు ఆ ఏడే గుండెపోటుతో పోయాడు. ఇంకొకణ్ణి పెట్టుకోలేదు. ఉత్తరాలన్నీ ఇంటికే వచ్చేవి. పదకొండో పోటీ గెలిచిన మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. “మీ అమ్మ ఎక్కడికి పోయిందే?” అని నన్నడిగాడు. అమ్మ పరాచికమనుకుని నవ్వేసింది. ఆయన కళ్ళు చూసింది నేను. నవ్వలేదు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. మూడు పేజీలు. ఛాంపియన్ తరఫువాళ్ళు ఒప్పుకున్నారు. తేదీ, పన్నెండు రౌండ్లు, ఇరవై అడుగుల రింగు, గ్లవ్స్ ఎవరు తేవాలి, డాక్టరెవరు, అన్నీ ఉన్నాయి. ముప్పై రోజుల్లో సంతకం చేసి పంపకపోతే జాబితాలో తర్వాతి మనిషికి అవకాశం వెళ్తుందని చివర్లో రాశారు.

నాన్న బకెట్లో వేడినీళ్ళు పోసుకుని చేతులు ముంచుకుని కూర్చున్నాడు. “ఏమంటాడు?” అన్నాడు.

నేను మొదటి పేజీ చూస్తూ రెండు వాక్యాలు చదివాను. అందులో లేనివి. మీతో ఆడటానికి మావాడు సిద్ధంగా లేడు. ఇకపై రాయవద్దు.

నాన్న కాసేపు నీళ్ళలోకి చూశాడు. తర్వాత విరగబడి నవ్వాడు. “భయపడ్డాడే! విన్నావా, వాడు భయపడ్డాడు!” అని తడిచేతులతో అమ్మ భుజాలు పట్టుకుని ఊపేశాడు.

ఉత్తరాన్ని నాన్న చేతులకు చుట్టే కట్ల డబ్బాలో, అడుగున పరిచిన కాగితం కింద దాచాను. రెండు నెలల తర్వాత తీసి పొయ్యిలో పెట్టాను. నాన్న దాన్ని పట్టుకెళ్ళి బయటివాళ్ళ చేత చదివించుకోడని నా ధీమా. తనకు చదువు రాదని లోకానికి చెప్పుకోవడం కంటే పళ్ళు రాలగొట్టించుకోవడమే ఆయనకు నయం.

ఆ తర్వాత జరిగిందే నన్ను తినేసింది. జాబితాలో తర్వాతి మనిషి వెళ్ళాడు. ఛాంపియన్‌కి భుజం అప్పటికే అరిగిపోయి ఉంది, ఎవరికీ తెలియదు. ఐదో రౌండులో పడిపోయాడు. కొత్త ఛాంపియన్ అంతకు రెండేళ్ళ ముందు మా నాన్న చేతిలో మూడు రౌండ్లలో చిత్తయిన మనిషి.

అంటే నాన్న వెళ్ళి ఉంటే బెల్టు మా ఇంట్లో ఉండేది.

నాన్న రేడియో కట్టేసి బయటికెళ్ళాడు. అమ్మ ఆ పాత ఛాంపియన్‌ని, వాడి వంశాన్ని తిట్టడం అప్పుడు మొదలుపెట్టి పోయేదాకా ఆపలేదు. నేను వింటూ కట్లు చుట్టేదాన్ని. ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒక సర్వేయరు నన్ను చేసుకుంటానన్నాడు. బదిలీ అయింది, రమ్మన్నాడు. రెండేళ్ళు ఆగాడు. నాన్నకు నేను చేసింది తలుచుకుంటే ఆయన్ని వదిలి ఎక్కడికీ కదలబుద్ధి కాలేదు. సర్వేయరు తన దారిన తాను వెళ్ళిపోయాడు. జిమ్ము లెక్కలు, పిల్లల చేతులకు కట్లు, నాన్న కాగితాలు. నా శిక్ష నేనే వేసుకుని, నేనే కాపలా కాశాను.

*

నాలుగో వారానికి జాబితాలోంచి నలుగురు పోయారు. రేవు కూలీ, ఎడమచెయ్యి, మా నాన్న, ఇంకొకడు మిగిలారు. ఆ ఇంకొకణ్ణి బేకరీవాడు అంటారు. ఒకప్పుడు ఛాంపియన్‌ని కింద పడేసి, రిఫరీ మెల్లగా లెక్కపెట్టడం వల్ల ఓడిపోయాడట.

అప్పుడే విలేకరి వచ్చాడు. సన్నటి మనిషి, పెద్ద సంచీ. నాన్నకు నమస్కారం పెట్టి బెంచీ అంచున కూర్చున్నాడు.

“ఛాంపియన్ మీతో ఆడనన్నాడనే సంగతి అందరూ చెప్పుకునేదే గానీ కాగితం మీద ఎక్కడా లేదండీ. ఆ ఉత్తరం మీ దగ్గరుంటే ఒక్క ఫొటో తీసుకుంటాను. అది పడితే ఇక మీకు తిరుగుండదు.”

నేను నోరు తెరిచేలోగా నాన్నే జవాబిచ్చాడు.

“ఎక్కడిదయ్యా! మొన్నటేడు కప్పు కారి, పెట్టెలో కాగితాలన్నీ ముద్దయిపోయాయి. అది కూడా పోయింది.”

మా ఇంటి కప్పు ఏనాడూ కారలేదు. పాపం, మతిమరుపు, ఎవరింటి సంగతో మా ఇంటికి అతికిస్తున్నాడు అనుకున్నాను. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను.

“పరవాలేదండీ,” అన్నాడు విలేకరి లేస్తూ. “ఛాంపియన్ మేనేజరు ఇంకా బతికే ఉన్నాడట, ఎనభై నాలుగేళ్ళు. ఆయనకు రాశాను. జవాబు వస్తే వేస్తాం.”

అతను మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టూ నా గుండెల మీద దిగుతున్నట్టే ఉంది. ఆ ముసలాయన ‘మేం ఒప్పుకున్నాం, వాళ్ళే జవాబివ్వలేదు’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. జాబితాలోంచి నాన్న పోతాడు. నాన్న లెక్కలోంచి నేను పోతాను.

ఆ రెండు వారాలూ పేపరు మీదే నా ధ్యాస. పేపరువాడి సైకిలు బెల్లు వినపడితే నాన్నకంటే ముందు గుమ్మంలో ఉండేదాన్ని. ముందే చెప్పేద్దామని ఎన్నిసార్లో అనుకున్నాను. ఆయన సోమవారాల కోసం ఇస్త్రీ చొక్కా దాచుకుంటున్నాడు. అది చూసి నోరు వచ్చేది కాదు.

*

ఆరో వారానికి నాన్న, ఎడమచెయ్యి మిగిలారు. మధ్యలో ఒక సోమవారం రేవు కూలీ పోయినప్పుడు పెయింటరు రెండు రోజులు జిమ్ముకే రాలేదు. వచ్చిన రోజు కసిమీద ఉన్నాడు. ఆ కసి నాన్న మీద తీర్చుకున్నాడు.

“ఒక మాట అడుగుతా గోడన్నా, ఏమీ అనుకోకు. ఛాంపియన్ నిన్ను చూసి భయపడ్డాడంటావు. తీరికలేక వద్దన్నాడేమో? పైసలు కుదరక వద్దన్నాడేమో? భయమేనని నీకెలా తెలుసు?”

“ఒరేయ్, నీ బోర్డులు నువ్వు రాసుకో,” అన్నాడు క్రేన్ డ్రైవరు.

“నన్నెందుకు ఆపుతావ్? గోడన్ననే చెప్పనీ.”

నాన్న తువ్వాలు భుజం మీద పడేశాడు. మొహం జేవురించింది.

“ఎలా తెలుసా? ఇరవై అడుగుల రింగు కావాలన్నాడురా వాడు! ఇరవై అడుగులు! నేనాడినవన్నీ పదహారు, పద్దెనిమిది. గోడ దగ్గరికొస్తే పారిపోవడానికి చోటు కావాలి కదా! అంత చోటు అడిగినవాడికి భయం కాక మరేంటి?”

“అదీ దెబ్బ!” అని క్రేన్ డ్రైవరు తొడ చరిచాడు.

గంట మోగింది.

అందరూ సీసాలెత్తారు. ఎవరూ మాట్లాడకూడదు. అది మా రూలు.

ఆ నిమిషం నాకు బాగా గుర్తుంది. కింద షెడ్డులో గాలి పంపు బుస్సుమంటోంది. పెయింటరు గొంతు కిందికీ పైకీ కదులుతోంది. ఆడనన్న మనిషి రింగు కొలత అడగడు. నేను చదివిన రెండు వాక్యాల్లో రింగు లేదు. రింగు రెండో పేజీలో ఉంది.

నాన్న వైపు చూశాను. ఆయన సీసా మూత తియ్యలేదు. చూపు నా మీదే ఉంది. తర్వాత మెల్లగా నేల మీదికి దించుకున్నాడు.

కిటికీ దగ్గర సెలూన్ బాబాయి వీధిలోకి చూస్తున్నాడు.

మళ్ళీ గంట మోగింది. వాదన బేకరీవాడి రిఫరీ మీదికి మళ్ళింది. తేడా ఎవరికీ తెలియలేదు.

*

మధ్యాహ్నం సెలూన్లో బేరాలుండవు. బాబాయి కుర్చీలో తనే కూర్చుని కత్తెరలకు నూనె రాస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

“కూర్చో బాబాయ్. ఒకటే అడుగుతా. ఆ ఉత్తరం నువ్వు చదివావా?”

కత్తెరను రెండుసార్లు ఆడించి చూశాడు. పక్కన పెట్టాడు.

“మూడుసార్లు చదివించాడమ్మా. ఇదిగో, ఈ కుర్చీలోనే.”

“ఆయనకు చదువు రాదని నీకు...”

“నేనూ వాడూ ఒకే రోజు బడి మానేశాం. నేను తర్వాత నేర్చుకున్నా. వాడు నేర్చుకోలా.”

“ఉత్తరం నేను దాచాను కదా. ఎలా దొరికింది?”

“కట్ల డబ్బాలో ఉందన్నాడు. చదివించుకుని ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు.” బాబాయి నా మొహం చూడకుండా అద్దంలో చూస్తూ చెప్పాడు. “నువ్వు చదివిన రోజు సాయంత్రమే వచ్చాడు. ‘అమ్మాయి రెండు ముక్కలు చదివిందిరా, కాగితాలు మాత్రం మూడున్నాయి. వద్దనడానికి మూడు పేజీలెందుకు?’ అన్నాడు.”

నేను పదహారేళ్ళ తెలివితో అన్నీ ఆలోచించాను. ఆయన పేజీలు లెక్కపెట్టగలడని ఆలోచించలేదు.

“మరి సంతకం?”

“ముప్పై రోజులు గడువని చెప్పా. ఇక్కడే సంతకం చెయ్, నేను పోస్టులో వేస్తానన్నా. జేబులో పెట్టుకెళ్ళాడు. ఆ నెలంతా షాపుకు రాలేదు. ముప్పై ఒకటో రోజు వచ్చాడు, గడ్డం ఇంత పెంచుకుని. ‘గీసెయ్’ అన్నాడు. ఉత్తరం సంగతి అడిగా. ‘అమ్మాయి చదివింది చదివినట్టే ఉండనీరా’ అన్నాడు.”

ఆ గడ్డం నాకు గుర్తుంది. కోపం చల్లారేదాకా గీయడని అమ్మ అందరికీ గర్వంగా చెప్పింది.

“నా మీద ప్రేమతో దాచాడంటావా బాబాయ్? నేను సిగ్గుపడతానని?”

ఆయన చాలాసేపు నూనె గుడ్డ మడతపెట్టాడు.

“అలాగే అనుకుందామమ్మా. ఇన్నేళ్ళూ నేనూ అలాగే అనుకుందామని చూశా. కానీ ఆ మూడోసారి చదివినప్పుడు వాడి చేతులు చూశాను. అప్పటికి వాడికి ఈ వణుకుజబ్బు లేదు.”

*

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే నాన్న స్టూలు మీద కూర్చుని చేతులు చాపాడు. రోజూ రెండు రౌండ్లు బ్యాగు కొడతాడు. కట్లు నేనే కడతాను. బొటనవేలి నుంచి మొదలుపెట్టి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు తిప్పి, అడిగాను.

“ఆ ఉత్తరం ఎన్ని పేజీలు నాన్నా?”

ఆయన చెయ్యి నా చేతిలో బరువెక్కింది.

“మూడు,” అన్నాడు.

వేళ్ళ సందుల్లోంచి కట్టు పోనిచ్చాను. “ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు మాత్రం చెప్పావా?”

“నాకు పదహారేళ్ళు నాన్నా. నువ్వు చచ్చిపోతావని భయమేసింది.”

“నాకూ అదే వేసింది,” అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. “వాడు కొట్టినవాళ్ళలో ఇద్దరు మళ్ళీ నడవలేదు. వద్దని నేను చెప్పాలి. ఊరికి చెప్పాలి, మీ అమ్మకు చెప్పాలి. ఎలా చెప్పను? నువ్వు చదివింది బాగుందమ్మాయ్. అందులో రాసినదానికంటే బాగుంది.”

“అమ్మ చనిపోయేదాకా ఆ మనిషిని తిట్టింది.”

“తిడితే వాడికేం తగిలింది?”

“నేను నీకు అన్యాయం చేశాననుకుని ఈ ఇల్లు కదల్లేదు. సర్వేయరు రెండేళ్ళు ఆగాడు. నీకు తెలుసు.”

నాన్న రెండో చెయ్యి ముందుకు పెట్టాడు. గంట మోగింది. ఎవరూ లేరు, అయినా ఇద్దరం ఆ నిమిషం మాట్లాడుకోలేదు. అలవాటు. నిమిషం అయ్యాక ఆయన ఏదో అంటాడని, ఏదో ఒకటి, నేను రెండో చేతికి కట్టు కడుతూ ఎదురుచూశాను.

గంట మోగింది.

“ఆ విలేకరికి చెప్తావా?” అన్నాడు.

కట్టు చివర టేపు అంటించాను. “బిగుతుగా ఉందా?” అని అడిగాను.

“సరిపోయింది.”

లేచి వెళ్ళి బ్యాగు కొట్టడం మొదలుపెట్టాడు.

*

చివరి సోమవారం బెంచీ చాలలేదు. కింద షెడ్డువాళ్ళు కూడా నల్లటి చేతులు తుడుచుకుంటూ పైకొచ్చారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని రింగు తాడుకు ఆనుకుని నిలబడ్డాడు. పేపరు అడగలేదు, జేబులు తడుముకోలేదు. నన్నే చూస్తున్నాడు.

ఏం చదువుతానోనని ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయన భయపడ్డాడు.

పేజీ విప్పాను. పైన నాన్న ఫొటో, పాతది, చేతులెత్తి. కింద వ్యాసం. పెదవి కదపకుండా ఒకసారి చివరిదాకా కళ్ళతో పరిగెత్తాను. నాలుగో పేరాలో మేనేజరు జవాబుంది. అక్కడ ఆగాను.

“చదవమ్మా, ఊపిరాడట్లేదు!” అన్నాడు క్రేన్ డ్రైవరు.

పదహారేళ్ళప్పటి నేనైతే ఆ నాలుగో పేరా వదిలేసేదాన్ని.

గట్టిగా చదివాను. బెల్టు లేని రాజుల్లో మొదటివాడు గోడ అని చదివాను. జిమ్ము కప్పు ఎగిరిపోయేలా అరిచారు. పెయింటరు కూడా అరిచాడు. చెయ్యెత్తి ఆపి, మిగతాది చదివాను. సాక్షాత్తూ ఛాంపియనే ముఖం చాటేసిన బాక్సర్ అని రాశారు, అదీ చదివాను. ఒక్క అక్షరం మార్చలేదు. ఆ అబద్ధం మొదట నాదే, దాన్ని కాదనే హక్కు నాకెక్కడిది?

తర్వాత నాలుగో పేరా.

“ఈ విషయమై ఛాంపియన్ మాజీ మేనేజరును సంప్రదించగా, ‘మా దగ్గర ఆనాటి కాగితాలేవీ లేవు. మేం ఒప్పుకున్నవాళ్ళూ, కాదన్నవాళ్ళూ చాలామంది. గోడ అనే పేరుతో ఒక బాక్సర్ ఉన్నట్టు నాకు గుర్తు లేదు’ అని జవాబిచ్చారు.”

క్రేన్ డ్రైవరు పకపకా నవ్వాడు.

“చూశారా! ఇన్నేళ్ళయినా పేరు చెప్పడానికి వణుకు! ఇప్పటికీ పారిపోతున్నారు!”

మళ్ళీ అరుపులు. నాన్నను ఎత్తబోయి, బరువుకు ముగ్గురూ కలిసి కూలబడ్డారు. నవ్వులే నవ్వులు. నాన్న లేచి చొక్కా దులుపుకున్నాడు. అందరితో చేతులు కలుపుతున్నాడు గానీ చూపు నా చేతిలో పేపరు మీద ఉంది. ఆ వాక్యం నేను కల్పించిందా, నిజంగా ఉందా అని ఆయన కళ్ళు అడుగుతున్నాయి. జనంలో సెలూన్ బాబాయి కోసం వెతికాడు. బాబాయి ఆ రోజు రాలేదు.

గంట మోగింది. అందరూ నీళ్ళు తాగారు.

ఆయన కోసం నేను పైకి చదివిన ఆఖరి కాగితం అదే. నా సామాను అక్కడే ఉంది, నేనూ అక్కడే ఉన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళకు సర్వేయర్లు వచ్చి గుమ్మంలో నిలబడరు. వంట చేస్తాను, కట్లు కడతాను. కాగితాలు మాత్రం బల్ల మీద పెట్టేస్తాను.

వానలు మొదలయ్యే ముందు పేపరు ఆఫీసు నుంచి పెద్ద కవరు వచ్చింది. నాన్నే అందుకుని, విప్పి, లోపలున్న అట్టలాంటి కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పి చూశాడు. అంచుల్లో బంగారు రంగు గీత. వెనక వైపు ఖాళీ. తెచ్చి నా ముందు పెట్టాడు.

“ఒకటే పేజీ,” అన్నాడు.

“అవును నాన్నా.”

“ఏం రాశారు?”

కూరగాయలు తరుగుతున్నాను. కత్తి ఆపలేదు.

“బాబాయి సెలూన్ ఎనిమిదింటిదాకా తీసే ఉంటుంది.”

కాగితాన్ని వెనక్కి తీసుకున్నాడు. తర్వాత లోపలికెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కాగితాన్ని మడత పడకుండా కవర్లో పెట్టి, చంకన పెట్టుకుని, చెప్పుల కోసం కాలితో తడుముకున్నాడు.